చివరి ఎకరం లెక్క

నూజెండ్ల మండలంలో ఏ ఊరికైనా వెళ్ళి, ఏ డాబా వంకైనా తలెత్తి చూడండి. పైకప్పు మీద నాలుగు మూలలా నాలుగేసి ఇనప ఊచలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. పై అంతస్తు కోసం వదిలిన ఊచలవి. అంతస్తు లేవదు, ఊచలు పోవు. ఇంటాయన్ని అడిగితే "వచ్చే ఏడు పంట చేతికొస్తే లేపుతాం" అంటాడు. వచ్చే ఏడు వస్తుంది, పంటా వస్తుంది, చేతికి మాత్రం రాదు.

తప్పు సిమెంటుది కాదు, ఎస్టిమేటుది. మన వైపు ఇల్లు కట్టేవాడు ముందు మేస్త్రిని పిలుస్తాడు. మేస్త్రి ఇరవై లక్షలంటాడు. ఇంటాయన ముఖం చూసి పన్నెండు చేస్తాడు. మొత్తం రాసుకుంటే గుండె ఆగి పని ఆగుతుందని, సగం రాసుకుని మొదలుపెట్టడం మనకు అలవాటు. మొదలైన పని దానంతట అదే నడుస్తుందని నమ్మకం. పని నడవదు. మనమే అప్పులిచ్చేవాళ్ళ ఇళ్ళ చుట్టూ నడుస్తాం.

ఇంటికైతే పోనీ అనుకోవచ్చు. ఊచలు తుప్పు పడతాయే గాని ఊరు విడిచి పోవు. అయ్యా, అమ్మా, ఇదే అలవాటుతో పరాయి దేశంలో చదివే పిల్లకు అంచనా వేస్తే ఏమవుతుందో ఈ కథలో ఉంది. నవ్వొచ్చిన చోట నవ్వండి. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కిందటేడు మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం నరసింహారావు ఇంటి వరండాలో ఆరుగురు ఒక ఠావు కాగితం చుట్టూ కూర్చున్నారు. నరసింహారావుది నాలుగెకరాల సేద్యం. ఇంకో మూడు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. ఆయన డాబా మీద కూడా ఊచలున్నాయి, ఎనిమిదేళ్ళ నుంచి. ఆ కాగితం రాసింది ఆయన కూతురు సాయిసుధ. నరసరావుపేటలో ఇంజనీరింగు పూర్తి చేసిన పిల్ల. ఇంగ్లండులో ఉత్తరాన ఒక యూనివర్సిటీలో ఏడాది చదువు, మాస్టర్స్‌కి సీటొచ్చింది. అక్కడ చదువుతున్న సీనియర్లకు మూడు రోజులు ఫోన్లు చేసి, అద్దె దగ్గర నుంచి బస్సు పాసు దాకా పన్నెండు నెలల ఖర్చూ వరసగా రాసింది. కింద మొత్తం వేసింది. ముప్పై లక్షల పదిహేను వేలు.

నరసింహారావు ఆ అంకెను రెండుసార్లు చదివాడు. "ఏందమ్మా ఇది. చదువుకి రాశావా, చెరువు తవ్వటానికి రాశావా?"

"ఫీజే పదిహేడు లక్షలు నాన్నా. మిగతాది బతకటానికి."

"ఇట్టా ఇవ్వు," అని నరసింహారావు భార్య మల్లీశ్వరి తమ్ముడు వెంకటేష్ కాగితం లాక్కున్నాడు. ఒకప్పుడు ఎంపీటీసీగా చేసిన మనిషి. పదవి పోయినా జేబులో ఎర్ర పెన్ను పోలేదు. "తిండి, నెలకి నూట యాభై పౌన్లు. మన డబ్బుల్లో ఎంతే?"

"పదహారు వేలు మామయ్యా."

"ఒక్క మనిషికి పదహారు వేలా? మా ఇంట్లో ఏడుగురం, కుక్కతో ఎనిమిది. మాకవదు అంత. అక్కడైనా మనిషికి పొట్ట ఒకటేగా. అక్కా, పచ్చళ్ళేం పెట్టావు?"

"ఆవకాయుంది, గోంగూరుంది, పండుమిరప్పచ్చడుంది," అంది మల్లీశ్వరి. "పన్నెండు కిలోలు కట్టి పంపుతా."

"అయిపాయె. మూడు నెలలకి రాస్తే చాలు." పన్నెండు నెలల మీద ఎర్ర గీత పడింది. పక్కన మూడు వచ్చింది.

మిరప కోత అయిపోయిన ఊళ్ళో ఖర్చుల కోత మొదలైంది. అద్దె దగ్గరికి రాగానే వంశీ అందుకున్నాడు. వంశీ వీళ్ళకు దూరపు మేనల్లుడు, నరసరావుపేటలో పిల్లల్ని పైచదువులకు పంపే కన్సల్టెన్సీ ఆఫీసులో పని. "మామయ్యా, అక్కడ మన పిల్లలు ఆరుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుంటారు. వంతుకి ఎంతొస్తది, ఏమీ రాదు. ఇంకోటి, వెళ్ళిన నెలకల్లా పార్ట్‌టైం దొరుకుద్ది. వారానికి ఇరవై గంటలు చెయ్యొచ్చు. తిండీ అద్దే పోను, జనవరిలో కట్టాల్సిన ఆఖరి ఫీజు కూడా సుధే కట్టేసుకుంటది. మీరు మొదటి రెండు వాయిదాలు చూసుకుంటే చాలు."

"ఆఖరి వాయిదా ఐదు లక్షల నలభై వేలు. అది కొట్టెయ్యి," అన్నాడు నరసింహారావు. అది కూడా ఎర్రబడింది.

"ఇదేంది, అనుకోని ఖర్చు లక్షన్నరా?" వెంకటేష్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అనుకోనిది ఎట్టా రాశావే? రాశావంటే అనుకున్నట్టేగా."

అందరూ నవ్వారు. సుధ కూడా నవ్వింది. ఆ వరస మీద గీత కాస్త గట్టిగానే పడింది, కాగితం చిరిగింది.

నవ్వనిది ఒక్క అమర్నాథ్. పక్కింటి పెద్దమనిషి. ముప్పై ఏళ్ళు సాగర్ కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి, విజయపురి సౌత్ క్వార్టర్సు ఖాళీ చేసి సొంతూరొచ్చాడు. మాట అడిగితే గాని చెప్పడు. ఆరోజు మాత్రం అడక్కుండానే చెప్పాడు.

"నరసింహం, కాలవకి ఎస్టిమేటు తూము కాడ మొదలెట్టరు. చివరి ఎకరం కాడ నిలబడతాం. దానికి ఎన్ని నీళ్ళు కావాలో రాసుకుని అక్కడి నుంచి వెనక్కి వస్తాం. పిల్ల అట్టాగే ఆఖరి నెల దాకా రాసింది. అది కొట్టెయ్యబాకండి."

నరసింహారావు పొలం సాగర్ నీళ్ళు తెచ్చే మేజరు కాలవకి చిట్టచివర ఉంది. ఆయనకు ఒళ్ళు మండింది. "మీ డిపార్ట్‌మెంటోళ్ళు అంత బాగా రాస్తే, బాబాయ్, నా పొలానికి నీళ్ళెందుకు రావట్లా?"

"మేం రాసిందాన్ని పైన కూర్చున్నోళ్ళు ఇట్టాగే ఎర్ర పెన్నుతో కొట్టేశారు గాబట్టి."

 వెంకటేష్ కాగితం దగ్గరికి లాక్కుని "సరే, మొత్తం వెయ్యండి" అన్నాడు. అమర్నాథ్ కండువా దులుపుకుని లేచిపోయాడు.

మొత్తం పదహారు లక్షలొచ్చింది. ఎందుకు పదహారో కూడా చెప్పాలి. భూమి తాకట్టు పెట్టి బ్యాంకులో పన్నెండు తీసుకోవాలని నరసింహారావు ముందే అనుకున్నాడు. అంతకు మించి అప్పు ఉందంటే ఊళ్ళో చులకన. చేతిలో నాలుగుంది. పన్నెండూ నాలుగూ పదహారు. చదువుకు ఎంత కావాలో అని మొదలైన లెక్క, మన దగ్గర ఎంతుందో అక్కడికి వచ్చి ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషికి గీతలు గీసి పదహారేళ్ళ వయసు తెచ్చారు.

"సరిపోద్దా సుధా?" అని తండ్రి అడిగాడు.

ఆ పిల్ల చాలదనొచ్చు. అనలేదు. వెళ్ళాలన్న ఆశ ఆమెకూ ఉంది. "సర్దుకుంటాలే నాన్నా," అంది. గీతలు పడ్డ కాగితాన్ని మడిచి తన సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. వీసా వాళ్ళకు, పిల్ల అక్కడ బతకడానికి డబ్బు ఉన్నట్టు బ్యాంకు ఖాతాలో నెల రోజులు నిల్వ చూపించాలి. లెక్కలో కొట్టేసిన తిండీ అద్దే అక్కడ మళ్ళీ ఎదురొచ్చాయి. వంశీకి దారి తెలుసు. వినుకొండలో ఒక ఫైనాన్సు ఆయన పదకొండు లక్షల యాభై వేలు నరసింహారావు ఖాతాలో వేశాడు, నెల తిరగ్గానే తీసుకున్నాడు. వేసి తీసినందుకు ముప్పై ఐదు వేలు. పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చి వేసినట్టు, ఇవి డబ్బుచూపులు.

"అది మన డబ్బు కాదుగా నాన్నా," అంది సుధ.

"చూపించటానికేనమ్మా. చూసేవాడికి ఎవుడిదైతే ఏం?"

చూసినవాడికి ఏమీ కాలేదు. వీసా వచ్చింది, నరసింహారావు మీసం తిరిగింది. ఊరి సెంటర్లో పదహారడుగుల ఫ్లెక్సీ లేచింది. అందులో సుధ ఫోటో గడపంత, వెంకటేష్ ఫోటో తలుపంత. రెండొందల మందికి బిర్యానీ. మొత్తం తొంభై వేలు. ఈ పద్దు ఆ కాగితంలో ఎవరూ రాయలేదు, అందుకని ఎవరూ కొట్టెయ్యలేదు.

సెప్టెంబరులో సుధ వెళ్ళింది.

మొదటి రెండు నెలలు ఫోన్లో అన్నీ చెప్పింది. చెట్లు ఎర్రగా మారాయని, ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవాలని, బస్సులో డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పి దిగుతారని. పార్ట్‌టైం సంగతి అడిగితే "చూస్తన్నా" అంది. ఒక హోటల్లో ఒక్క ఉద్యోగానికి నూట ఎనభై మంది వరసలో నిలబడ్డారట. అందులో సగం మంది తెలుగువాళ్ళే. వాళ్ళందరి అంచనాల్లోనూ ఆ ఒక్క ఉద్యోగమే రాసుందని మనం ఊహించుకోవచ్చు. నవంబరు చివర ఒక పార్సిల్ గోడౌనులో పని దొరికింది. ఇరవై గంటలు కాదు, ఎనిమిది. అద్దెలో కొంత కట్టి, బస్సు పాసు కొని, ఆ పౌన్లు పోను మిగిలేది చేతిలో ఫోను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మల్లీశ్వరి వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర.

"ఏమే, ఇంట్లో కూర్చుని కోటేసుకున్నావేంది?"

"చలమ్మా."

"హీటరు లేదా?"

"హీటరుంది. దానికో మీటరుంది. డబ్బులేస్తేనే తిరుగుద్ది."

తల్లి నవ్వబోయి ఆగింది. పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. "ఏం తిన్నావు?"

"బ్రెడ్డు, గోంగూర."

"అన్నం వండుకోలా?"

"పచ్చళ్ళు బోలెడున్నాయమ్మా. వాటిల్లోకి అన్నమే తక్కువయింది." అది నవ్వుతూనే చెప్పింది సుధ. ఆ తర్వాత ఫోను అటు తిప్పి కిటికీలోంచి మంచు చూపించింది. చాలాసేపు మంచే చూపించింది.

జనవరి వచ్చింది. సుధ మొదటి సెమిస్టరులో క్లాసు మొత్తానికి రెండో స్థానంలో నిలిచింది. ఆ వార్త వచ్చిన రోజే ఇంకో మాట కూడా చెప్పింది. జనవరి ముప్పై ఒకటిలోగా ఆఖరి వాయిదా కట్టాలి. ఐదు వేల పౌన్లు. కట్టకపోతే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. పేరు తీస్తే వీసా ఉండదు.

"నాన్నా, నేను కట్టుకుంటానని రాశాంగా. నా దగ్గర నూట పది పౌన్లున్నాయి."

ఇంతకుముందు ఎప్పుడూ ఆ పిల్ల గొంతు అంత చిన్నగా లేదు.

నరసింహారావు గుంటూరు వెళ్ళాడు. కోల్డ్ స్టోరేజీలో ఆయనవి నూట ఇరవై టిక్కీలు, అంటే బస్తాల మిరపకాయలున్నాయి. మేలో క్వింటాలు ఇరవై వేలైతే అమ్ముదామని దాచినవి. అమ్మిన రోజు పలికిన ధర పదివేల ఐదొందలు. వచ్చిన ఐదు లక్షల అరవై వేలూ ఆయన చేతి దాకా రాలేదు. సరుకు మీద ముందే తీసుకున్న అప్పు ఒకరు పట్టుకున్నారు, పురుగుమందుల కొట్టు ఆయన తన బాకీ పట్టుకున్నాడు, మిగిలినదాంట్లో స్టోరేజీ అద్దె, కూలీ, బస్తాల ఖర్చు పోయాయి. తిరుగు బస్సెక్కేసరికి జేబులో లక్షా నలభై వేలున్నాయి. ఆ డబ్బు సుధ రెండు నెలల అద్దె బాకీకీ తిండికీ పోయింది. ఫీజు అట్టాగే నిలబడింది.

వెంకటేష్ దగ్గరికి వెళ్ళాడు. వెంకటేష్ మర్యాద చేశాడు, కాఫీ ఇప్పించాడు.

"బావా, ఎలక్షన్లొస్తన్నయ్యి. నా దగ్గర చిల్లిగవ్వ ఆడట్లా. అయినా పిల్ల పార్ట్‌టైం చేస్తానంది గదా?"

"అన్నది ఆ పిల్ల కాదు వెంకటేషూ. మనం."

"సరే, వంశీని అడుగు."

వంశీ ఫోను ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "మామయ్యా, నేనిప్పుడు ఆస్ట్రేలియా చూస్తన్నా. యూకే డెస్కు వేరే వాళ్ళది," అన్నాడు. ఆయన పంపిన పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఆయన మాత్రం బల్ల మార్చుకున్నాడు.

ఇరవై రెండో తారీఖున నరసింహారావు బ్యాంకుకు వెళ్ళాడు. మేనేజరు పూర్ణిమ ముప్పై ఐదేళ్ళ మనిషి, మెతకగా మాట్లాడుతుంది. ఆయన చెప్పిందంతా విని ఫైలు తెప్పించింది.

"కూర్చోండి. మీ అప్పు ఇంకో ఐదున్నర లక్షలు పెంచమంటున్నారు. నాకూ ఇవ్వాలనే ఉంది. కానీ మీరు మొదట ఇచ్చిన ఎస్టిమేటు ఇదిగో. మొత్తం ఖర్చు పదహారు లక్షలు. మూడో వాయిదా, విద్యార్థి సంపాదన నుంచి. తిండీ అద్దె, మూడు నెలల తర్వాత విద్యార్థి సంపాదన నుంచి. కింద మీ సంతకం."

"ఏదో కాయితానికి పెట్టానమ్మా."

"మేం అప్పు ఇచ్చేది కాయితం చూసేనండీ." అంది ఆమె. "ఒక మాట చెప్పనా? మీ పొలం విలువకి, పాప మార్కులకి, మొదట్లోనే ముప్పై లక్షల లెక్క తెచ్చుంటే పైఆఫీసు వాళ్ళు ఇరవై రెండు దాకా ఇచ్చేవాళ్ళు. చదువు అయిపోయిందాకా వాయిదాలు కూడా ఉండేవి కావు. పెంచమని ఇప్పుడు పంపితే మళ్ళీ పొలం విలువ కట్టాలి, లాయరు చూడాలి, పైకి పోయి రావాలి. ఆరు వారాలు పడుతుంది."

"తొమ్మిది రోజులే ఉందమ్మా."

"తెలుసండీ," అంది పూర్ణిమ. ఫైలు మూయలేదు. ఆయన చూడాలని కాదు, ఆమెకే మూయబుద్ధి కాలేదు.

ఆ ఎస్టిమేటు ఆయన కళ్ళ ముందు తెరిచి ఉంది. శుభ్రంగా టైపు చేసిన కాగితం. ఎర్ర గీతలేమీ లేవు. గీతల కింద ఏముందో అందులో కనిపించదు. దాన్ని చూసినవాళ్ళెవరైనా, ఈ పిల్ల మూడు నెలలు తిని ఆ తర్వాత తినదని అనుకోరు. హాయిగా సాగే చదువు అనుకుంటారు. నరసింహారావు అట్టాగే అనుకున్నాడు, తను చేసిన దొంగలెక్కను తనే నమ్మాడు.

యూనివర్సిటీ వాళ్ళు సుధ బతిమాలితే రెండు వారాలు గడువిచ్చారు. ఆ రెండు వారాల్లో నరసింహారావు ఐదు రూపాయల వడ్డీకి తిరిగాడు. భూమి కాగితాలు ముందే బ్యాంకులో ఉన్నాయని ఎవరూ ఇవ్వలేదు. మల్లీశ్వరి మెడలో గొలుసు తీసి ఇచ్చింది. కుదువ పెడితే లక్షా పదివేలొచ్చాయి. కౌలు పొలం వదిలేస్తే ఆసామి ఇరవై వేలు తిరిగిచ్చాడు. ఐదు లక్షల నలభై వేలకు అది ఎక్కడా ఆనలేదు. ఫీజు వాయిదాల్లో పుచ్చుకుంటారు గాని, వాయిదాను ముక్కలుగా పుచ్చుకోరు.

ఫిబ్రవరి పదహారున సుధ ఫోను చేసింది. ఏడవలేదు.

"నాన్నా, పేరు తీసేశారు. ఇయ్యాల కార్డు పెడితే లైబ్రరీ తలుపు తెరుచుకోలా. అరవై రోజుల్లో వెళ్ళిపొమ్మని రాస్తారంట. టిక్కెట్టుకి కావాలి."

గొలుసు డబ్బు అందుకు పనికొచ్చింది. ముప్పై లక్షల లెక్కలో తిరుగు టిక్కెట్టు కూడా రాసి ఉంది, అనుకోని ఖర్చు కింద. దాన్నే వాళ్ళు అన్నిటికంటే ఎక్కువ నవ్వుతూ కొట్టేశారు.

మార్చిలో సుధ వచ్చింది. సెంటర్లో ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకి ఆమె ముఖం తెల్లబోయింది, వెంకటేష్ ముఖం సగం చిరిగి గాలికి ఊగుతోంది. బస్సు దిగిన పిల్ల దాని కింద నుంచే నడిచి ఇంటికొచ్చింది. ఊళ్ళో ఎదురైనవాళ్ళు "సెలవులా అమ్మా?" అని అడిగారు, అంతే. ఆమె "అవును" అంది. ఆ సెలవులు ఇప్పటికీ అవలేదు. మొదటి సెమిస్టరు మార్కుల కాగితం ఒకటి ఆమె దగ్గరుంది. డిగ్రీ లేదు. పన్నెండు లక్షల అసలు, దాని మీద వడ్డీ ఉన్నాయి. చదువు ఆగింది గనక వాయిదాలు వెంటనే మొదలయ్యాయి. పొద్దున ఆరున్నర బస్సుకి నరసరావుపేట వెళ్ళి ఒక కంప్యూటర్ సెంటర్లో తొమ్మిది వేలకి టైపు పని చేస్తోంది. ఆ తొమ్మిది వేలూ బ్యాంకు వడ్డీకి చాలవు.

నరసింహారావు మాట తగ్గిపోయింది. ఎక్కువగా పొలం గట్టు మీద కూర్చునేవాడు. ఏప్రిల్లో ఒకనాడు అమర్నాథ్ అటు వచ్చాడు. మేజరు కాలవ అడుగు నెర్రెలిచ్చి ఉంది. పైన ఊళ్ళలో జనవరి దాకా పారింది, ఇక్కడికి రెండు తడులు వచ్చి ఆగిపోయింది. తను ఆరోజు చెప్పిన మాట అమర్నాథ్ ఎత్తలేదు. పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్," అన్నాడు నరసింహారావు. "అసలు నీళ్ళే రాకపోతే మెట్ట పైరు వేసుకునేవాళ్ళం. రెండు తడులు వచ్చి ఆగింది చూశావా, అదీ చంపింది. వచ్చిద్దని నమ్మి విత్తనం పెట్టాం."

అమర్నాథ్ తలూపాడు. పైరు సంగతి ఒక్కటే కాదని ఆయనకు తెలుసు.

మళ్ళీ మే వచ్చింది. ఒక సాయంత్రం రెండిళ్ళవతల ఉండే వరలక్ష్మి తన కూతురు యశస్వినిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి ఆస్ట్రేలియాలో సీటొచ్చిందట. సుధ వెళ్ళొచ్చింది గనక, ఏ చలికోటు కొనాలో, పచ్చళ్ళు ఎట్టా కట్టాలో అడుగుదామని వచ్చారు. సుధ ఇంకా బస్సు దిగలేదు. వరలక్ష్మి చేతిలో వంశీ టైపు చేసిచ్చిన కాగితం ఉంది. నరసింహారావు చెయ్యి చాపి తీసుకున్నాడు.

మొత్తం పధ్నాలుగు లక్షలు.

ఆయన లోపలికి వెళ్ళాడు. సుధ ఫైల్లోంచి ఏడాది కిందటి ఠావు కాగితం తెచ్చి, పెన్ను తీసుకుని వరండాలో కూర్చున్నాడు. ఎర్రగా కొట్టేసిన ఒక్కో వరసా ఇంకో కాగితం మీద మళ్ళీ రాయసాగాడు. పై నుంచి కాదు, అడుగు నుంచి. "అమ్మాయ్, మీ చదువు ఆఖరి నెల ఏది?" అని యశస్వినిని అడిగాడు.

"రెండేళ్ళండీ పెదనాన్నా. వచ్చే ఏడు కాక ఆపై ఏడు జూన్."

"ఆ జూన్‌లో తిండికెంత? అద్దెకెంత? ముందు అది రాద్దాం. తర్వాత మే. అట్టా వెనక్కి వద్దాం. అనుకోని ఖర్చు కూడా రాద్దాం. తిరుగు టిక్కెట్టు రాద్దాం. పని దొరికిద్దని ఒక్క పైసా రాయబాకు, దొరికితే మిగులు."

యశస్విని ముందుకు వంగి, తనకు తెలిసిన అక్కడి ధరలు చెబుతోంది. అంకెలు పెరుగుతూ పోయాయి. నలభై లక్షలు దాటగానే వరలక్ష్మి కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఆపు అన్నయ్యా. అంత రాస్తే ఎవురైనా కదులుతారా? మీ పిల్లకి కలిసి రాలేదని మా పిల్లని ఇంట్లో కూర్చోబెట్టమంటావా?"

"కూర్చోబెట్టమన్లా చెల్లెమ్మా. ఈ లెక్క బ్యాంకుకి ఇచ్చి చూడు. వాళ్ళు ఎంతిస్తారో చూడు. చాలకపోతే పిల్లని ఏడాది పని చెయ్యనీ, ఫీజు తక్కువున్న చోట చూడు. సీటు మళ్ళా వచ్చిద్ది."

"ఫ్లెక్సీకి అడ్వాన్సు కూడా ఇచ్చాం," అంది వరలక్ష్మి. ఆ మాట అన్నాక ఆమెకే ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది. లేచి నిలబడింది. "పద యశస్వినీ."

ఆ పిల్ల నరసింహారావు రాసిన కాగితం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "నేను సర్దుకుంటాలే పెదనాన్నా," అంది మెల్లగా. వంశీ కాగితం తీసుకుని తల్లి వెనకే వెళ్ళింది.

నరసింహారావు రాసిన కాగితం కుర్చీ మీద మిగిలింది. అప్పుడే సుధ బస్సు దిగి వచ్చి, చెప్పులు విడుస్తూ దాన్ని చూసింది. అడుగు వరస నుంచి పైకి చదివింది. తను రాసిన వరసలే, అంకెలు ఇంకో దేశానివి. గడప మీద కూర్చుంది. డాబా మీది ఊచల నీడలు వాకిట్లో గీతల్లా పడి ఉన్నాయి. అవతల వీధిలో వరలక్ష్మి ఎవరితోనో పధ్నాలుగు లక్షలని చెబుతున్న మాట వినిపించింది.

నరసింహారావు ఖాళీ కుర్చీల వైపు చూస్తూ, వాళ్ళకు చెప్పాల్సిందంతా కూతురికి చెప్పాడు: "పిల్ల చదువుకి లెక్క మన చేతిలో ఉన్న డబ్బు కాడ మొదలెట్టకూడదమ్మా, ఆ పిల్ల ఆఖరి నెల తినాల్సిన అన్నం కాడ మొదలెట్టాలి, అంత లేకపోతే ఒక ఏడు ఆగటం పరువు తక్కువ కాదు, పిల్లని పరాయి దేశంలో సగం దారిలో వదిలెయ్యటమే పరువు తక్కువ."